ఓడిన ప్రతినాయకుణ్ణి కథానాయకుడు ఎందుకు వదిలిపెడతాడు? సైంధవుడు, అశ్వత్థామల సంగతి

కొత్తకలం:

సభ్యులకు నమస్కారం. పాళెగాళ్ళ కాలం నేపథ్యంగా నేనొక నవల రాస్తున్నాను. అందులో నాయకుడు, తన ఊరిని తగలబెట్టించిన ప్రత్యర్థిని ఓడించి, గొంతు మీద కత్తి పెట్టి, చివరికి ప్రాణాలతో వదిలేస్తాడు. చిత్తుప్రతి చదివిన మిత్రులు ఆ ఘట్టం దగ్గరే పట్టుకున్నారు. మంచివాడు కనుక వదిలాడని నేనంటే, "అంత మంచివాడు కాలిపోయిన ఇళ్ళవాళ్ళ ముఖం ఎలా చూస్తాడు?" అని ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ అరణ్యపర్వం తీశాను. తెలుగులో ఆ భాగం ఎర్రన పూరించినది.

కథ మీకు తెలిసిందే. పాండవులు వేటకు వెళ్ళిన సమయంలో సింధుదేశపు రాజు, కౌరవుల చెల్లెలు దుస్సల భర్త అయిన సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకుపోతాడు. వాళ్ళు వెంటాడి సైన్యాన్ని చెదరగొట్టి అతణ్ణి పట్టుకుంటారు. ఇంత నేరం చేసినవాణ్ణి ధర్మరాజు విడిచిపెడతాడు. విన్నవాళ్ళు పళ్ళు నూరుకుంటారే తప్ప "ఇది నమ్మశక్యంగా లేదు" అని మాత్రం ఎవరూ అనరు. నా నాయకుడి విషయంలో కుదరని నమ్మకం అక్కడ ఎలా కుదిరింది? దయ మంచిదా చెడ్డదా అన్న ధర్మోపన్యాసం కాకుండా, పాత్ర ఆ పని చేయడానికి కథలో ఉన్న కారణం ఏమిటో చర్చించవలసిందిగా కోరుతున్నాను.

మంజీర:

కొత్తకలం గారూ, మీరు ఆ ఘట్టాన్ని కొంచెం నెమ్మదిగా చదవాలి. ధర్మరాజుకు సైంధవుడి మీద జాలి కలిగిందని వ్యాసుడు ఎక్కడా చెప్పలేదు. "దురాత్ముడే అయినా వాణ్ణి చంపకూడదు, దుస్సలను, గాంధారిని తలచుకో" అని ఆయన భీముడితో అంటాడు. దురాత్ముడన్న మాట, చంపవద్దన్న మాట ఒకే వాక్యంలో ఉన్నాయి. పైగా ఆ మాట అన్నది సైంధవుడు పట్టుబడి, కాళ్ళమీద పడి, ఏడ్చిన తరువాత కాదు. అతడింకా పారిపోతూ ఉండగానే, భీమార్జునులు వెంటపడబోయే ముందే అన్నాడు. ఎదురుగా వణుకుతున్న మనిషిని చూసి మనసు కరిగిన సందర్భం కాదది. ధర్మరాజు కళ్ళముందు ఉన్నది హస్తినాపురంలోని ఒక తల్లి, నూరుగురు అన్నదమ్ముల మధ్య పుట్టిన ఒకే ఒక్క చెల్లెలు.

దుస్సల కౌరవుల చెల్లెలైతే పాండవులకూ చెల్లెలే. సైంధవుణ్ణి చంపితే చెల్లెలి పసుపుకుంకుమలు తుడిచిన అన్నలవుతారు. పాఠకుడికి ఈ లెక్క అర్థమవుతుంది, అందుకే నమ్ముతాడు. మీ నవలలో ప్రత్యర్థి వెనుక నిలబడిన మూడో మనిషి ఎవరూ లేకపోవచ్చు. నాయకుడు ఎవరి కోసం ఆగాడో చెప్పకపోతే, "మంచివాడు కనుక" అన్నది కారణమనిపించుకోదు, కితాబు అవుతుంది.

భీమపక్షం:

మంజీర గారి వివరణ చక్కగా ఉంది కానీ, దాని ఖరీదు ఎవరు చెల్లించారో కూడా చెప్పండి. అలా వదిలిన సైంధవుడు ఇంటికి పోలేదు. నేరుగా గంగాద్వారానికి పోయి శివుణ్ణి గురించి తపస్సు చేశాడు. అర్జునుడు తప్ప మిగిలిన నలుగురు పాండవులను ఒక్కరోజు యుద్ధంలో నిలువరించే వరం తెచ్చుకున్నాడు. యుద్ధం 13వ నాడు పద్మవ్యూహం ముఖద్వారం దగ్గర ఆ వరాన్ని వాడుకున్నాడు. లోపలికి పోయిన అభిమన్యుడి వెనుక ఒక్కరూ పోలేకపోయారు. ధర్మరాజు కనికరానికి మూల్యం చెల్లించినవాడు అడవిలో ఆ నిర్ణయం జరిగిన చోట లేనే లేడు, అప్పటికి అతడు ద్వారకలో మేనమామల ఇంట పెరుగుతున్న పిల్లవాడు.

పట్టుకున్న చోట భీముడు అర్జునుడితో అన్న మాట నాకు ఎంతో ఇష్టం. రాజు ఎప్పుడూ దయ అంటాడు, నువ్వేమో చిన్నపిల్లవాడిలా అడ్డం పడతావు, నేనేం చేసేది అని విసుక్కుంటాడు. ఆ కథలో ముందుచూపు ఉన్నవాడు భీముడొక్కడే.

కథలపెట్టె:

ఇంత తర్కం అవసరం లేదని నా అభిప్రాయం. అభిమన్యుడు చనిపోవాలి, దానికి సైంధవుడు కావాలి, కాబట్టి సైంధవుడు బతకాలి. కథకుడికి అతడితో ఇంకా పని ఉంది. నాయకులు ప్రతినాయకులను వదిలేసే సందర్భాల్లో సగానికి సగం ఇదే కారణం. కారణాలన్నీ తరువాత తొడిగే అంగీలే. మన సినిమాల్లో విరామానికి ముందు ప్రతినాయకుణ్ణి కొట్టి వదిలేయడం కూడా ఇలాంటిదే కదా?

నిర్వాహకులు:

సినిమాల ప్రస్తావనకు వేరే విభాగం ఉంది. దయచేసి ఇక్కడ సైంధవుణ్ణి, అతడి సాటివాళ్ళను మాత్రమే చర్చించండి.

మంజీర:

కథలపెట్టె గారి వాదన సగం దాకా సరైనదే. అయితే సైంధవుడు బతకడమే కథకుడికి కావలసి ఉంటే, పట్టుబడకుండా పారిపోనిస్తే సరిపోయేది. అడవి ఉంది, రథం ఉంది, ముందుగానే బయలుదేరాడు కూడా. కథకుడు చేసింది దానికి పూర్తిగా విరుద్ధమైన పని. ఒక క్రోశం దూరం నుంచి అర్జునుడి బాణాలతో సైంధవుడి గుర్రాలను కూల్పించాడు. తప్పించుకునే దారి తానే మూసి, అతణ్ణి తెచ్చి భీముడి చేతిలో పెట్టి, ఆ తరువాత విడిపించాడు. అంటే ప్రాణాలతో మిగలడం ఒక్కటే కాదు, చేతికి చిక్కి మరీ విడుదల కావడం కథకు అవసరమన్నమాట. అంత శ్రమపడి ఆ ఘట్టాన్ని ఎందుకు కల్పించాడన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

వాదప్రతివాది:

వృత్తిరీత్యా న్యాయవాదిని. అందువల్ల నా దృష్టి వేరే చోటికి పోతుంది. క్షమించే అధికారం ఎవరిది?

సైంధవుడు అపరాధం చేసింది ద్రౌపది పట్ల. ధర్మరాజు చంపవద్దన్న మరుక్షణంలోనే ఆమె కోపంతో వణుకుతూ భీమార్జునులతో, నాకు ప్రియం చేయదలిస్తే ఆ నీచుణ్ణి చంపండి, భార్యనో రాజ్యాన్నో అపహరించినవాడు బతిమాలుకున్నా వదలదగడు అని చెబుతుంది. అపరాధానికి గురైన వ్యక్తి శిక్ష కోరుతుండగా కుటుంబ పెద్ద క్షమాపణ ప్రకటించాడు. ఈ అన్యాయాన్ని కథకుడు కప్పిపుచ్చలేదని గమనించాలి. చివర్లో, పట్టి తెచ్చిన సైంధవుణ్ణి వదిలేయమని ధర్మరాజు అన్నప్పుడు, "ద్రౌపదికి చెప్పండి" అంటాడు భీముడు. అప్పుడు ఆమె ధర్మరాజు ముఖంలోకి చూసి, అతణ్ణి అప్పటికే దాసుణ్ణి చేశారు, తలమీద అయిదు పిలకలు మిగిల్చారు, ఇక విడిచిపెట్టండి అంటుంది.

ఆమె అనుమతి ఉందని అనుకోవచ్చు. కానీ ధర్మరాజు ముఖం చూసి చెప్పిందన్న చిన్న వివరం దగ్గర నేను ఆగిపోతాను. అది ఆమె మనసులోని మాటా, లేక భర్త ఏం కోరుతున్నాడో గ్రహించి అన్న మాటా? రెండోదేనని నేను నమ్ముతున్నాను. కొత్తకలం గారి నాయకుడికి వచ్చిన ఇబ్బందీ ఇదే. కాలిన ఇళ్ళు అతడివి కావు, ఊరివి. ఊరివాళ్ళ తరఫున అతడు క్షమించేస్తే పాఠకుడికి కాలదా?

హరివిల్లు:

వాదప్రతివాది గారి ప్రశ్నకు సమాధానమన్నట్టుగా మన భాషలోనే మరో ఘట్టం ఉంది. పోతన భాగవతం ప్రథమ స్కంధంలో అశ్వత్థామను విడిచిపెట్టడం. ఇక్కడ క్షమించేది స్వయంగా ద్రౌపది.

నిద్రపోతున్న ఉపపాండవులు అయిదుగురినీ అశ్వత్థామ చంపాడు. వాడి తల తెచ్చి ఇస్తానని అర్జునుడు ద్రౌపదికి మాట ఇచ్చాడు. అతణ్ణి పట్టి, పశువును కట్టినట్టు తాళ్ళతో కట్టి, శిబిరానికి తెచ్చాడు. కొడుకుల శవాల ముందు కూర్చున్న తల్లి ఎదుట హంతకుడు తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె మొదట చేసిన పని అతడికి నమస్కరించడం, ఎందుకంటే అతడు గురుపుత్రుడు. తరువాత మాట్లాడింది. నా భర్తలు అస్త్రవిద్యలన్నీ ద్రోణుడి దగ్గర నేర్చుకున్నారు, నువ్వు "పుత్రాకృతి నున్న ద్రోణుఁడవు", శిష్యుల బిడ్డలను నరకడం పాడియేనా అని అడిగింది. బిడ్డలను చంపినవాణ్ణి "తండ్రీ" అని సంబోధించింది. ఆ తరువాత వచ్చేదే తెలుగువారిలో చాలామందికి నోటికి వచ్చిన పద్యం:

"ఉద్రేకంబున రారు, శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు"

నీమీదికి ఆవేశంతో రాలేదు, ఆయుధాలు పట్టి యుద్ధభూమిలో లేరు, నీకు ఇసుమంత ద్రోహమైనా చేయలేదు, అటువంటి నిద్రపోతున్న పసివాళ్ళను చీకట్లో చంపడానికి "నీ చేతు లెట్లాడెనో" అని ఆ పద్యం ముగుస్తుంది. సంస్కృత మూలంలో ద్రౌపది అశ్వత్థామను ఇలా నిలదీయదు, విడిచిపెట్టమని అర్జునుడికి చెబుతుంది. పోతన ఆమెకు క్షమించే ముందు నిలదీసే అవకాశం ఇచ్చాడు. అందుకే ఆ క్షమ మెతకదనంగా తోచదు. చేసిన పాపమంతా పేరుపేరునా చదివి వినిపించి, ఆ తరువాత విప్పండి అంటుంది.

కారణమంటారా, మంజీర గారు చెప్పిన మూడో మనిషి ఇక్కడా ఉంది. "ద్రోణునితో శిఖిం బడక ద్రోణకుటుంబిని యున్న దింట" అంటుంది. భర్తతో చితి ఎక్కకుండా ద్రోణుడి భార్య కృపి ఇంట్లో బతికి ఉన్నది ఈ ఒక్క కొడుకు కోసమే, నాలాగే ఆమె కూడా ఏడవాలా అని ఆమె బాధ. ధర్మరాజు దుస్సలను దూరం నుంచి తలచుకున్నాడు. ద్రౌపది కృపిని తన ఏడుపులోంచే చూసింది. ఈ తేడా వల్లనే మొదటి క్షమ వింటే ఒళ్ళు మండుతుంది, రెండోది వింటే నోట మాట రాదు.

భీమపక్షం:

ఆ ఘట్టంలో భీముడి పద్యం కూడా చెప్పండి హరివిల్లు గారూ! కొడుకులను చంపాడన్న కోపం లేకుండా బాలహంతకుణ్ణి వదలమంటోంది, "వెఱ్ఱిది ద్రౌపది, వీఁడు విప్రుఁడే?" అంటాడు. మీరు చంపకపోతే నా పిడికిటిపోటుతో వీడి తల పగలగొడతాను, అందరూ చూడండి అని మీదికి ఉరుకుతాడు. పోతన ఆ మాటను మింగేయలేదు. వినే వాళ్ళలో సగంమంది మనసులో ఉన్నది అదే మాటని ఆయనకు తెలుసు.

హరివిల్లు:

అవును, ఆ తరువాత జరిగిందే ఈ చర్చకు కీలకం. భీముడు మీదికి రాగానే ద్రౌపది అశ్వత్థామకు అడ్డం వెళ్ళింది. కృష్ణుడు చతుర్భుజుడై, రెండు చేతులతో భీముణ్ణి ఆపి, మిగిలిన రెండు చేతులతో ద్రౌపదిని పక్కకు తప్పించి, నవ్వుతూ మాట్లాడాడు. చంపమనే వాణ్ణీ, చంపవద్దనే ఆమెనూ ఒకే మనిషి ఒకేసారి పట్టుకోవాలంటే రెండు చేతులు చాలలేదన్నమాట. ఇద్దరిలో ఎవరూ తప్పని అతడు అనలేదు. బ్రాహ్మణుణ్ణి చంపరాదు, నిద్రించేవాళ్ళను చంపిన ఆతతాయిని చంపాలి, రెండూ శాస్త్రమే, రెండూ నిలిచేలా చేయమని అర్జునుడికి చెప్పాడు. అర్జునుడు అశ్వత్థామ తలమీది మణిని జుట్టుతో సహా కత్తితో కోసి, శిబిరం నుంచి వెళ్ళగొట్టాడు. తల గొరగడం, ధనం లాక్కోవడం, ఉన్న చోటు నుంచి వెళ్ళగొట్టడం అటువంటివాడికి చావుతో సమానమని అక్కడ సూత్రం.

వ్యాస భారతంలోని సౌప్తికపర్వంలో కథ వేరు. అక్కడ ద్రౌపది అశ్వత్థామ చావును కోరుతుంది, అతడి తలమీది మణి తెమ్మంటుంది. వదిలిపెట్టమని వేడుకునే ద్రౌపది భాగవతంలోని మనిషి.

ఇంటిమాట:

నాది ఒకే ప్రశ్న. ఉత్తరను ఎవరైనా అడిగారా?

భాగవతంలో అశ్వత్థామను వదిలిన తరువాత ఏం జరిగిందో చూడండి. అతడు పాండవ వంశం మిగలకూడదని మళ్ళీ బ్రహ్మాస్త్రం వేస్తాడు. అది ఉత్తర కడుపులోని బిడ్డ మీదికి వస్తుంది. భారతంలోనూ ఆ అస్త్రం ఉంది కానీ, అక్కడ అతడు లొంగకముందే దాన్ని గర్భాల మీదికి మళ్ళిస్తాడు. విడుదలైన తరువాత వేయడం భాగవత క్రమం. అంటే ఈ క్రమంలో ద్రౌపది చూపిన కరుణ తరువాతి వంతు ప్రమాదం ఆమె కోడలిది.

సైంధవుణ్ణి వదిలితే చనిపోయినవాడు అభిమన్యుడు. అశ్వత్థామను వదిలితే చావు అంచుకు వెళ్ళినవాడు అదే అభిమన్యుడి కొడుకు. రెండుసార్లూ వదిలింది ఇంటి పెద్దలు, రెండుసార్లూ దెబ్బ తగిలింది పద్నాలుగు పదహారేళ్ళ పిల్లల సంసారానికి. రెండోసారి కృష్ణుడు అడ్డుపడి బిడ్డను కాపాడాడు. మొదటిసారి ఎవరూ అడ్డుపడలేదు. క్షమించే అధికారం అపరాధానికి గురైనవాళ్ళది అని వాదప్రతివాది గారు అన్నారు. ఆ క్షమ తరువాతి దెబ్బ ఎవరికి తగులుతుందో వాళ్ళ మాటేమిటి?

వాదప్రతివాది:

ఇంటిమాట గారి ప్రశ్నకు న్యాయశాస్త్రంలో కూడా సులభమైన జవాబు లేదు. శిక్ష అన్నది జరిగిన నేరానికి. జరగబోయే నేరానికి ఎవరినీ ముందుగా చంపలేము. చంపడం మొదలుపెడితే ఓడినవాడెవడూ బతకడు. అయితే వదిలేటప్పుడు కట్టడి అవసరమా కాదా అన్నది వేరే సంగతి. అశ్వత్థామ మణి తీసుకున్నారు గానీ అతడి అస్త్రాన్ని తీసుకోలేదు. సైంధవుడి జుట్టు తీశారు గానీ "ఇకపై ఇలా చేయకు" అని చెప్పి పంపడం తప్ప ఏ హామీ అడగలేదు. దయ చూపడం ఒక నిర్ణయం, ఆ దయకు కాపలా పెట్టడం మరో నిర్ణయం. మన ఇతిహాసాల్లో నాయకులు మొదటిది చేసినంత శ్రద్ధగా రెండోది చేయలేదు.

పల్నాటి పాఠకుడు:

జుట్టు సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. నా దృష్టిలో అసలు ముడి అక్కడే ఉంది. ఈ కథల్లో ఎవరినీ ఊరికే వదలలేదు. భీముడు అర్ధచంద్రబాణంతో సైంధవుడి తల గొరిగి అయిదు పిలకలు మిగిల్చాడు, సభల్లో "నేను పాండవుల దాసుణ్ణి" అని చెప్పుకోవాలని ఆజ్ఞాపించాడు. అర్జునుడు అశ్వత్థామ జుట్టు కోశాడు. ఉత్తరగోగ్రహణంలో సమ్మోహనాస్త్రంతో కౌరవులను మూర్ఛపోగొట్టి, చంపగలిగీ చంపక, ఉత్తర బొమ్మపొత్తికల కోసం వాళ్ళ పైబట్టలు ఊడదీయించాడు. రామాయణంలో శూర్పణఖ ప్రాణం తీయలేదు, ముక్కుచెవులు తీశారు. ప్రాణం వదిలి పరువు తీయడం అనే ఈ పద్ధతి తరువాత ఏం తెచ్చిందో అందరికీ తెలుసు. శూర్పణఖ లంకకు పోయింది, సైంధవుడు గంగాద్వారానికి పోయాడు.

కాబట్టి దయ చూపడం వల్ల అభిమన్యుడు చనిపోయాడన్న భీమపక్షం గారి లెక్కను నేను ఒప్పుకోను. సైంధవుణ్ణి తపస్సుకు పంపింది ధర్మరాజు దయ కాదు, భీముడు మిగిల్చిన ఆ అయిదు పిలకలు. సిగ్గుతో తల ఎత్తుకుని తన రాజ్యానికి పోలేకే అతడు గంగాద్వారానికి పోయాడు. ధర్మరాజు మాటతోనే విడిచిపెట్టి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు కానీ, చంపకుండా అవమానించడం మాత్రం శత్రువును రెట్టింపు చేసుకోవడమే.

భీమపక్షం:

పల్నాటి పాఠకుడు గారూ, మీ వాదానికి ఘోషయాత్ర అడ్డు వస్తుంది. అదే అరణ్యపర్వంలో, సైంధవుడి కంటే ముందే, గంధర్వుడు చిత్రసేనుడు దుర్యోధనుణ్ణి కట్టి తీసుకుపోతుంటే, మనలో మనకు పోరు వస్తే వాళ్ళు నూరుగురు మనం అయిదుగురం, ఇతరులు మీదికి వస్తే మనం నూట అయిదుగురం అని తమ్ముళ్ళను పంపి విడిపించాడు ధర్మరాజు. జుట్టు తీయలేదు, దాసుడనిపించలేదు, బట్టలు ఊడదీయలేదు. ఇలాంటి సాహసం మళ్ళీ చేయకు అని మెత్తగా చెప్పి పంపాడు. దుర్యోధనుడు ఏం చేశాడు? దారిలో దర్భలు పరచుకుని, అన్నం నీళ్ళు మాని చనిపోతానని కూర్చున్నాడు. పాండవుల చేతిమీదుగా బతకడం కంటే గంధర్వుడి చేతిలో చావడమే మేలని అతడి ఏడుపు. అవమానించకపోయినా దయే అతడికి అవమానమైంది. ఓడినవాడి మనసు అలాంటిదైనప్పుడు పిలకలున్నా లేకపోయినా ఒకటే.

పల్నాటి పాఠకుడు:

ఘోషయాత్ర మంచి ఉదాహరణే, కాదనను. అయినా దుర్యోధనుడు తన చావు తాను కోరుకున్నాడు, సైంధవుడు పాండవుల ఓటమి కోరుకున్నాడు. రెండూ ఒకటి కావు.

కథలపెట్టె:

యుద్ధకాండలో రాముడు రావణుడితో మొదటిసారి తలపడ్డప్పుడు కిరీటం కొట్టి, విల్లు విరిచి, బాగా అలసిపోయావు, పోయి విశ్రాంతి తీసుకుని మళ్ళీ రథంతో విల్లుతో రా అని పంపేస్తాడు. దీన్ని ఎవరూ ఎందుకు ప్రస్తావించలేదు?

మంజీర:

ఎందుకంటే అది దయ కాదు. ఆయుధం లేనివాణ్ణి చంపితే గెలుపు గెలుపు కాదన్న వీరధర్మం. రాముడు అతణ్ణి బతకమనలేదు, సిద్ధమై వచ్చి చావమన్నాడు. అదే కాండ చివర్లో సీత చేసింది అసలైన దయ. రావణుడు చనిపోయాడని చెప్పడానికి వచ్చిన హనుమంతుడు, ఇన్నాళ్ళు నిన్ను బెదిరించిన ఈ రాక్షస స్త్రీలను చంపనివ్వమని అడుగుతాడు. సీత వద్దంటుంది. వాళ్ళు రాజు ఆజ్ఞకు లోబడిన దాసీలు, చెప్పినట్టు చేశారు, తప్పు చేయనివాళ్ళెవరు అంటుంది. ఇప్పటిదాకా మనం చెప్పుకున్నవాటిలో నేరం చేసినవాళ్ళ వైపు తిరిగి, వాళ్ళ స్థితి ఏమిటని చూసిన కారణం ఇదొక్కటే. మిగిలినవన్నీ వాళ్ళ తల్లినో భార్యనో చూసినవి.

ఇంటిమాట:

అవతలి వైపు నుంచి కూడా ఒకటి. కర్ణుడు కుంతికి ఇచ్చిన మాట వల్ల అర్జునుడు తప్ప మిగిలిన నలుగురు పాండవులనూ యుద్ధంలో ఓడించి కూడా వదిలేశాడు. 14వ నాడు భీముణ్ణి వింటికొనతో పొడిచి, నీకు యుద్ధమెందుకు, తిండి ఉన్న చోటికి పో అని తిట్టి పంపాడు. ప్రాణం దక్కడానికి కారణం తమ తల్లి అడిగిన వరమని ఆ నలుగురికీ తెలియదు. వదిలినవాడు చెప్పలేదు. కారణం దాచిన దయ ఎదుటివాడికి అచ్చం పొగరులాగే కనిపిస్తుందని నాకు ఆ ఘట్టం చదివినప్పుడల్లా అనిపిస్తుంది. కొత్తకలం గారికి ఇది పనికి రావచ్చు.

కొత్తకలం:

అందరికీ కృతజ్ఞతలు. నా ప్రత్యర్థికి భార్య ఉంది, ఆమె మా నాయకుడి ఊరి ఆడపడుచు. ఇప్పటిదాకా ఆమె పేరు రెండుచోట్ల మాత్రమే వస్తుంది. ఆమెను ఆ అధ్యాయానికి ముందే తీసుకురావాలనుకుంటున్నాను. కాలిన ఇళ్ళవాళ్ళలో ఒకరు భీముడిలా అడ్డం తిరగాలి, నాయకుడు ఆ కోపం తప్పని అనకూడదు. ఒక్క సందేహం మిగిలింది. చెల్లెలి కోసం వదిలానన్న ధర్మరాజు మాట యుద్ధంలో ఏమైంది? 14వ నాడు అర్జునుడు సైంధవుణ్ణి చంపాడు కదా. అప్పుడు దుస్సల ఎవరికీ గుర్తు రాలేదా?

మంజీర:

అర్జునుడి ప్రతిజ్ఞ ఒకసారి చదవండి. రేపు సైంధవుణ్ణి చంపుతానన్నంత మాత్రమే కాదది. వాడు ప్రాణభయంతో కౌరవులను వదిలి రాకపోతే, నన్నో, కృష్ణుణ్ణో, ధర్మరాజునో శరణు కోరకపోతే రేపు చంపుతాను అంటాడు. కొడుకు శవం కూడా దక్కని రాత్రి అన్న మాటలో కూడా శరణాగతికి తలుపు తెరిచే ఉంచాడు. సైంధవుడు భయపడి ఇంటికి పోతానని దుర్యోధనుణ్ణి అడిగాడు గానీ ఆ తలుపు దగ్గరికి రాలేదు. దుస్సల పేరు మాత్రం ఆ ప్రతిజ్ఞలో లేదు.

ఆమె ఆశ్వమేధికపర్వంలో వస్తుంది. యాగాశ్వం వెంట అర్జునుడు సింధుదేశానికి పోతాడు. అక్కడి యోధులు సైంధవుడి చావు మనసులో పెట్టుకుని తీవ్రంగా పోరాడతారు. అప్పుడు దుస్సల పసివాడైన మనుమణ్ణి రథంలో పెట్టుకుని యుద్ధం మధ్యలోకి వస్తుంది. ఆమెను చూసి అర్జునుడు గాండీవం దించి, నీ కొడుకు సురథుడు ఎక్కడ అని అడుగుతాడు. నువ్వు గుర్రంతో వచ్చావని వినగానే గుండె పగిలి చనిపోయాడని చెబుతుంది. దుర్యోధనుణ్ణీ, ఆ మూర్ఖుడైన సైంధవుణ్ణీ మరిచిపోయి ఈ పసివాడి మీద దయ చూపమంటుంది. అర్జునుడు క్షత్రియధర్మాన్ని నిందించుకుంటూ ఆమెను ఊరడించి పంపుతాడు. అడవిలో ధర్మరాజు ఎవరిని తలచుకుని ఆగమన్నాడో ఆమె నోరు తెరిచి అడిగిన దయ ఇదొక్కటే. అప్పటికి భర్తా లేడు, కొడుకూ లేడు.

భీమపక్షం:

ఈ ఘట్టం చూపించి నన్ను మెత్తబరచాలని చూస్తున్నారు మంజీర గారు. ఆ పసివాణ్ణి వదలడానికి నాకేమీ అభ్యంతరం లేదు, వాడేం నేరం చేశాడు? నా పేచీ వాడి తాత విషయంలోనే. కొత్తకలం గారూ, మీ నవలలో కాలిన ఇంటివాడికి మాటలు రాసేటప్పుడు అతణ్ణి మూర్ఖుడిగా మాత్రం రాయకండి. చివరిదాకా ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

ఇంటిమాట:

ఆ ఆడపడుచుకు కూడా రెండు మాటలు ఇవ్వండి. ఆమె అసలు భర్తను వదలమని అడుగుతుందో లేదో ముందు మీరు తేల్చుకోవాలి. అడవిలో ధర్మరాజు దుస్సలను అడగలేదు, తానే అనుకున్నాడు.